రెండో మనిషి వినాలి

చిన్నోడా,

ఫోను చేస్తే అక్క అరుస్తుంది, ఎదుటి మనిషిని మాట్లాడనివ్వదు అని మీ ఆవిడతో అన్నావట. నిజమే, అరుస్తాను. అందుకే కాగితం తీశాను. కాగితం మీద అరిస్తే నీ పక్క గదివాళ్లకు వినపడదు. నీ పరువు నీకుంటుంది.

మీ విచారణ సంఘం నివేదిక నిన్న మధ్యాహ్నం నా చేతికి వచ్చింది. తెచ్చిన గుమాస్తా పాపం నా ముఖం చూడలేక గోడమీది గడియారం చూస్తూ ఇచ్చిపోయాడు. డెబ్భై ఆరు పేజీలు. అందులో మీ బావ గురించి రెండు వాక్యాలు. మోటారు తనిఖీలో అజాగ్రత్త చూపాడని ఒకటి. పేలుడు జరిగాక మైకులో మూడుసార్లు వెనక్కి పిలిచినా లెక్కచేయకుండా రక్షణ గోడ దాటి పరిగెత్తాడని ఇంకొకటి. మొదటి వాక్యం ప్రకారం రాకెట్టు ఆయన వల్ల పోయింది. రెండోదాని ప్రకారం ఆయన కూడా ఆయన వల్లే పోయాడు. కింద ఐదు సంతకాలు. నాలుగోది నీది. ఆ సంతకంలో చివరి అక్షరానికి తోక లాగడం నీకు నేర్పింది నేనే, పలక మీద.

మీ నివేదికల్లో మనిషి అనే మాట ఎక్కడ వస్తుందో ఎప్పుడైనా గమనించావా? చిన్న రాకెట్టు మొదటిసారి ఎగిరినప్పుడు పేపర్లలో ఏమని రాశారు? సంస్థ ఎగరేసింది, జాతి ఎగరేసింది. నూనె మరకల బట్టలతో పొడి కలిపినవాళ్లు, రోకలి పట్టినట్టు కడ్డీ పట్టుకుని గొట్టంలోకి ఆ ముద్ద పోసినవాళ్లు, పొయ్యి గది ముందు కునికిపాట్లు పడుతూ వేడి చూసినవాళ్లు, వాళ్లెవరూ మనుషులుగా లేరు అందులో. అదే పేలితే చూడు, వెంటనే మానవ తప్పిదం. పదకొండేళ్లలో మీరు మమ్మల్ని మనుషులని పిలిచింది అప్పుడే. ఆ మానవుడు కూడా ఎప్పుడూ కింది మెట్టు మీద నిలబడ్డవాడే అవుతాడు. ఎక్స్‌రే యంత్రం కొనమని మేం నాలుగేళ్లు అడిగితే వచ్చే ఏడాది, వచ్చే ఏడాది అన్న అధికారి మానవుడు కాడా? ఆయన తప్పిదానికి ఏం పేరు పెట్టారు? ఆ యంత్రం ఊసు డెబ్భై ఆరు పేజీల్లో ఎక్కడా లేదు. నేను రెండుసార్లు వెతికాను.

నువ్వు ఈ పనిలో చేరిన కొత్తలో మా వంటగదిలో పీట మీద కూర్చుని చెప్పిన మాట నాకింకా గుర్తుంది. "బెలూను అందుకోలేనంత పైనా, ఉపగ్రహం దిగలేనంత కిందా ఒక గాలి ఉందక్కా. దాని సంగతి ఎవరికీ సరిగ్గా తెలీదు. మన రాకెట్టు పోయి ఆరు నిమిషాలు దాన్ని కొలిచి సముద్రంలో పడిపోతుంది. ఇప్పటిదాకా పరాయివాళ్ల రాకెట్టు అడుక్కుంటున్నాం. ఇది మనదే అవుతుంది." మీ బావ నవ్వి, "ఆరు నిమిషాల కోసమా ఇంత? మీ అక్క అలిగితే ఆరు రోజులు కొలవచ్చు" అన్నాడు. అన్నాడే కానీ ఆ ఆరు నిమిషాలకు నీకంటే ఎక్కువ పడిపోయింది ఆయనే.

ఆయన పని నువ్వు ఎరుగుదువు. నీ సంఘంలో మిగతా నలుగురూ ఎరగరు కాబట్టి రాస్తున్నాను, వాళ్లకూ చదివి వినిపించు. మోటారంటే రాకెట్టు మందు నింపిన గొట్టం. దాని లోపలి పూతకూ, గట్టిపడ్డ మందుకూ మధ్య ఎక్కడైనా ఎడం ఉంటే మంట అందులోకి దూరుతుంది, గొట్టం చీలుతుంది. ఆ ఎడం కంటికి కనపడదు. గొట్టం మీద సుద్దముక్కతో గళ్లు గీసి, ఒక్కొక్క గడిలో చిన్న చెక్క సుత్తితో తట్టి వినాలి. గట్టి అంటే సరే. బోలు అంటే ఆ మోటారు పనికిరాదు. ఒక్కో మోటారుకు నూట అరవై గళ్లు. మీ బావకు ఈ పనికి ముందునుంచే తట్టి చూడడం ఎంత అలవాటంటే బజారులో కుండ తట్టేవాడు, అద్దెకు చూసిన ఇంటి గోడ తట్టేవాడు. మా పెళ్లిలో పదకొండేళ్ల నీ నెత్తిన వేలి కణుపుతో కొట్టి, "గట్టి. వీడు ఇంజనీరవుతాడు" అని అందరినీ నవ్వించాడు. ఆ మనిషినా నువ్వు అజాగ్రత్త అన్నది?

పరిగెత్తాడని రాశారు. ఎందుకు పరిగెత్తాడో రాయలేదు. మండుతున్న ముక్కలు తర్వాతి రాకెట్టుకని దాచిన రెండో మోటారు ఉన్న గోదాము ముందు గడ్డిలో పడ్డాయి. ఇనుప తలుపు బార్లా తెరిచి ఉంది. ఆయన పోయి ఆ తలుపు మూశాడు. మూసి తిరిగేసరికి నేలమీదున్న ముక్క ఒకటి పేలింది. ఆ తలుపు మూయకపోతే రక్షణ గోడ వెనక ఎంతమంది మిగిలేవారు? నువ్వూ అక్కడే ఉన్నావు కదా.

ఆ రెండు వాక్యాలూ తీసేయించు. నేను అడిగేది అంతే. నాకు మీ శాలువా వద్దు, సంతాప సభ వద్దు. తీసేయించకపోతే కోర్టుకు పోతాను, పేపరుకు పోతాను, నీ గది ముందు చాప వేసుకుని కూర్చుంటాను. చాప వేయడం నాకు కొత్త కాదని నీకు తెలుసు.

నిన్ను పెంచిన,
అక్క

*

చిన్నోడా,

నీ జవాబు అందింది. నాలుగు వాక్యాలు, టైపు కొట్టించినవి. సంఘం పని ముగిసిందన్నావు. నాకు రావలసినవన్నీ వస్తాయన్నావు. ఆ తర్వాత, "వచ్చే నెల రెండో మోటారుతో మళ్లీ ఎగరేస్తున్నాం. బావ ప్రాణమిచ్చి కాపాడిన మోటారు. దాని మీద బావ పేరు రాయిస్తాను" అన్నావు.

ఆ మాట చదివి మళ్లీ కాగితం తీశాను. మొన్నటి ఉత్తరంలో కోర్టుకెక్కుతానని గొంతు చించుకున్నదాన్ని, ఇప్పుడు నా నోటితో నేనే ఆయన మీద ఒక మాట చెప్పాల్సి వచ్చింది. చెప్పకపోతే నీ రెండో రాకెట్టు దగ్గర ఇంకెవరో పోతారు. ఎవరికీ చెప్పనని ఆయన చేతిలో చెయ్యేసి చెప్పాను. ఇప్పుడు మాట తప్పుతున్నాను.

మీ బావకు నాలుగేళ్లుగా సన్నటి శబ్దాలు వినపడవు.

మొదట్లో నాకూ తెలీలేదు. ఒకరోజు కొత్త పింగాణీ కప్పులు తెస్తే అలవాటుగా చెంచాతో తట్టి, "బాగుంది, బాగుంది, ఇదీ బాగుంది" అంటున్నాడు. మూడోదానికి నెర్రె. పక్కింటివాళ్లకు కూడా తెలిసేటంత జీర మోత. నేను ఆయన ముఖం చూశాను. ఆయన కప్పు కింద పెట్టి, "బాలేదా?" అన్నాడు. అంతే. మందు కలిపే గదిలో ఆ యంత్రం మోత పక్కన ఆరేళ్లు నిలబడ్డాడు, చెవుల్లోకి దూది తప్ప ఏమీ ఇవ్వలేదు మీరు. చెవి పోయిందని చెప్తే ఇచ్చేది అనర్హుడనే చీటీ, ఇల్లు ఖాళీ చేయమనే చీటీ. వేరే చీటీ ఏదైనా ఉంటే చెప్పు, ఇప్పుడైనా సిగ్గుపడతాను.

తనిఖీ గదిలో కాగితం రాసే మనిషిని నేనే కదా. గొట్టానికి అటు ఆయన, ఇటు నేను. ఆయన తట్టేవాడు. గట్టి అయితే నేను కదిలేదాన్ని కాదు. బోలయితే గొట్టం కిందనుంచి కాలు చాచి ఆయన పాదం తొక్కేదాన్ని. ఆ గదిలో అందరికీ గుడ్డ చెప్పులే కాబట్టి చప్పుడుండదు. ఆయన గంభీరంగా, "డెబ్భై రెండు, బోలు, రాసుకో" అనేవాడు. నాలుగేళ్లు ఒక్క గడి తప్పు పోలేదు. దీన్ని మోసమంటావేమో. ఇద్దరు మనుషులు కలిసి ఒక పని సరిగ్గా చేశారని నేనంటాను. తప్పల్లా ఏమిటంటే, ఇద్దరిలో ఒకరు లేకపోతే ఆ పని ఉత్తదని మాకిద్దరికే తెలుసు.

ఆ రోజు నేను లేను.

గేటు దగ్గర ధర్నాలో మూడో రోజు. కలిపే గది, పొయ్యి గది కాంట్రాక్టు మనుషులు అరవై మంది. దెబ్బ తగిలితే ఆసుపత్రి చూపించమని అడుగుతున్నాం. పొద్దున ఆయన వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"రెండు మోటార్లూ ఇవాళే చూడాలట. గంట పని. వచ్చి విని పో."

"నేను గేటు దాటితే వీళ్లకు ఏం చెప్పను?"

"మొగుడికి చెవుడని చెప్పు," అని నవ్వాడు.

"మీ బావమరిదిని ఒక్క రోజు ఆగమను."

"ఆగడట. తేదీ ఇచ్చేశారట పైకి."

"అయితే నువ్వూ పోకు."

ఆయన లేచి, పంచెకంటిన దుమ్ము దులుపుకుని, గేటు వైపు నడిచాడు. నా పక్కన కళ్లద్దాలావిడ, అదే, పొడి జల్లించే ఆవిడ, నా వంక చూసింది. అందరూ నా వంకే చూస్తున్నారు. అప్పుడు మైకు నా చేతిలో ఉంది. "దారివ్వండమ్మా, ఆఫీసువారి అల్లుడు పోతున్నాడు" అన్నాను. అరవై మందీ నవ్వారు. ఆయనకు నా మాట వినపడిందో లేదో నాకు తెలీదు. నవ్వు మాత్రం వినపడే ఉంటుంది, నవ్వు సన్నటి శబ్దం కాదు.

ఆ తర్వాత ఇంట్లో మాటల్లేవు. ఎలా జరిగిందని నేను అడగలేదు. మూడో రోజున ఆయన్ని రాకెట్టు ఎగరేసే సముద్రతీరం కేంద్రానికి పంపారు. ఎగరేసే ముందు రెండు రోజులు ఇంటికొచ్చాడు. అప్పటికీ నేను పలకలేదు. ఆ రెండు రోజుల్లో ఆయన నా గుడ్డ చెప్పులు ఉతికి కిటికీలో ఆరబెట్టాడు. నా ముందు టీ గ్లాసు పెట్టి ఏదో అనబోయి మానుకున్నాడు. చెప్పులు ఎందుకు ఉతికాడని కూడా అడగలేదు నేను. నా పంతం నాది.

ధర్నా తప్పని ఇప్పటికీ అనను. కళ్లద్దాలావిడ కొడుక్కి చెయ్యి కాలితే ఎవరు చూశారు? న్యాయమైన పోరాటమే అది. కానీ ఆ గంట నేను లోపలికి పోయి వచ్చినా అది న్యాయంగానే ఉండేదని ఇవాళ తోస్తోంది. ఈ ముక్క బయటపడితే మీవాళ్లు సమ్మె వల్లే రాకెట్టు పేలిందని రాస్తారు, అరవై మందినీ తీసేస్తారు. అదీ తెలుసు. తెలిసే రాస్తున్నాను. మైకులో పిలిస్తే ఆయన లెక్కచేయలేదని రాశారే, ఆయనకు వినపడలేదు చిన్నోడా. మూడుసార్లు కాదు, ముప్ఫై సార్లు పిలిచినా అంతే.

రెండో మోటారు కూడా ఆయన ఆ రోజు ఒంటరిగా తట్టినదే. ఎగరేయకు. ఈ ఉత్తరం ఎవరికి చూపించాలో వాళ్లకు చూపించు.

అక్క

*

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఇది టైపు కొట్టించలేదు. కొట్టివేతలున్న చోట నువ్వే సర్దుకుని చదువుకో.

ఎగరేయడం ఆపేశాను. ముందు అది చెప్పాలి.

బావ చెవి సంగతి నాకు తెలుసు.

రెండేళ్ల కిందట బావ నా గదికి వచ్చాడు. తలుపు వేసి, "నన్ను ఈ పనిలోంచి మార్చరా, నాకు వినపడ్డం లేదు. ఊరికే మీ అక్క మోస్తోంది" అన్నాడు. నేను మార్చి ఉండాల్సింది. మార్చితే ఎందుకని పైవాళ్లు అడుగుతారు. ఎక్స్‌రే లేకుండా, వినేవాడూ లేకుండా పని నడుస్తోందని తేలితే ప్రాజెక్టే ఆపేస్తారు. "యంత్రం వచ్చేదాకా ఓపిక పట్టు బావా" అన్నాను. ఆయన, "సరే. నా చెవులు మీ అక్క దగ్గరున్నాయి. ఆవిడ రాని రోజు మాత్రం నన్ను పని అడక్కు" అన్నాడు. ఆ రోజు నేను అడిగాను.

ఇందులో పెట్టిన కాగితం చూడు. తనిఖీ పత్రం రెండో పేజీ. గళ్లన్నీ అయ్యాక కింద బావ తన చేత్తో రాశాడు: "ఈ రోజు రెండు మోటార్లూ ఒక్కడినే విన్నాను. నా వినికిడి మీద నాకు నమ్మకం లేదు. ఎగరేసే ముందు రెండో మనిషి వినాలి." కింద సంతకం, వేళ. ఆ పేజీ నేను ఫైల్లోంచి తీసి నా సొరుగులో పెట్టాను. విచారణ సంఘం చూసింది మొదటి పేజీ ఒక్కటే. మీ ధర్నాకూ దీనికీ సంబంధం లేదు. ఒక్కరోజు ఆగితే సరిపోయేది. నువ్వు వచ్చి వినేదానివి. నేను ఆగలేదు.

ఇంకొకటి ఉంది. ఇది రాయకుండా ఉత్తరం మూసేద్దామని రెండుసార్లు చూశాను.

ఆ రెండు రోజులకు ఇంటికి వచ్చే ముందు బావ తీరం నుంచి ఫోను చేశాడు. మోటార్లు ఇంకా ఇక్కడి గోదాములోనే ఉన్నాయి. "విన్నారా?" అని గట్టిగా అడిగాడు. విన్నారు, అంతా గట్టి అన్నాను. "ఎవరు విన్నారు?" అన్నాడు. వేరే ఎవరి పేరు చెప్పినా నమ్మడు. అక్కే విన్నది అన్నాను. వినపడలేదేమో అనుకుని ఇంకోసారి, గట్టిగా, అక్క వచ్చి విన్నది బావా అన్నాను. "వచ్చిందా" అన్నాడు. అంతే అన్నాడు.

నా నెత్తి మీద ఇప్పుడు కొడితే ఏం వినపడుతుందో నాకు తెలుసు.

ఈ పేజీ నకలు, నా వాంగ్మూలం రేపు మా సంస్థ పెద్దాయనకు ఇస్తున్నాను. సోమవారం పదింటికి రెండో మోటారును తీరం నుంచి వెనక్కి తెప్పించి పాత తనిఖీ గదిలో అందరి ముందు పరీక్షిస్తారు. వినడానికి నీకంటే తెలిసినవాళ్లు లేరు. రమ్మని అడిగే ముఖం నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

నీ తమ్ముడు

*

చిన్నోడా,

సోమవారం నీతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా వచ్చేశాను. అందరూ ఉన్నారని కాదు. నోరు తెరిస్తే ఏమొస్తుందో నాకే తెలీలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివిన రోజు నిన్ను చంపాలనిపించింది. ఊరికే అనడం కాదు. నీకు జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిన చేతులివి. ఇవే చేతులతో నీ మెడ పట్టుకోవాలనిపించింది. పదకొండేళ్లుగా వాళ్లూ మీరూ అని మైకులో తిడుతున్నాను. ఆ వాళ్లు మా ఇంట్లో పీట మీద కూర్చుని అన్నం తిన్నారని నాకు తట్టలేదు.

తట్టడానికి ఎవరూ దొరకలేదని సుత్తి నువ్వే తీసుకున్నావు. బావ సుత్తే అది, పిడికి నేను చుట్టిన గుడ్డ ఇంకా ఉంది. నీకు తట్టడం రాదు. మొదటి పది గళ్లు తలుపు కొట్టినట్టు కొట్టావు. తర్వాత చెయ్యి తేలికైంది. గట్టి, గట్టి, గట్టి. ఎనభై ఆరు దాకా ఎవరూ దగ్గలేదు. ఎనభై ఏడు దగ్గర నాకు నేను చెప్పకుండానే నా కాలు గొట్టం కిందనుంచి వచ్చి నీ పాదం తొక్కింది. నువ్వు తలెత్తి నన్ను చూశావు. నీకూ అర్థమైంది. "ఎనభై ఏడు, బోలు, రాసుకో" అన్నావు. అరచేతి వెడల్పున ఐదు గళ్లు. బావ ప్రాణమిచ్చి కాపాడాడన్నావే, ఆ మోటారు. వచ్చే నెల ఆయన పేరుతో పేలాల్సినది.

ఆ పత్రంలో సంతకానికి ఒక్కటే చోటుంది. కింద గీత గీసి రెండోది నేను పెట్టాను. ఇకమీదట పత్రం అలాగే అచ్చువేయించమని పెద్దాయనకు అందరి ముందు చెప్పాను. అరవై మందిలో ఒక్కరి మీద చెయ్యి పడినా ఆ రెండో పేజీ ప్రతి గోడ మీదా అతికిస్తానని కూడా చెప్పాను. అరవలేదు, మామూలుగానే చెప్పాను. ఆయన కుర్చీ జరుపుకున్నాడు.

విచారణ మళ్లీ తెరుస్తారు. నీ మీద సాక్ష్యం నేనే చెప్తాను. మీ ఆవిడ ఫోను చేసి ఏడ్చింది, వదినా కాస్త తగ్గించి చెప్పు అంది. తగ్గించను. పెంచనూ పెంచను. నా గేటు సంగతీ, మైకులో అన్న మాటా కూడా చెప్తాను.

క్షమించానా అని అడగకు. అడగవని తెలుసు. కానీ ఒకటి రాయాలి. ఇది రాయడం కోసమే నాలుగు రోజులు ఆగాను.

ఆ రెండు రోజులు నా చెప్పులు ఎందుకు ఉతికాడో ఇప్పుడు తెలిసింది. ఎండకు కిటికీలో పక్కపక్కన ఆరబెట్టి, ఒకదాని అంచు లేస్తే సరిచేసి మరీ పెట్టాడు. టీ గ్లాసు నా ముందు పెట్టి ఏదో అనబోయాడే, అప్పుడు ఆయన ముఖంలో ఉన్నది కోపం కాదు. నేను పంతం కొద్దీ ఆ ముఖాన్ని సరిగ్గా చూడలేదు. ధర్నా అయ్యాక తన కోసం ఆ చెప్పులు వేసుకుని వెళ్లి విన్నానని, పరువు కోసం ఇంట్లో పలకడం లేదని అనుకుని ఉంటాడు. నవ్వుకుని కూడా ఉంటాడు.

నువ్వు చెప్పింది అబద్ధం. ఆ అబద్ధమే ఆయన్ని చంపింది. ఆయన పోయేటప్పుడు ఆయన దగ్గర ఉన్నదీ ఆ అబద్ధమొక్కటే. దాన్ని ఏం చేయాలో నాకు తెలియడం లేదు. తీసేయమనలేను, ఉండనివ్వలేను. నిజం చేయడానికి మనిషి లేడు.

చెప్పులు ఇంకా కిటికీలోనే ఉన్నాయి. సోమవారం వేసుకుని వచ్చింది పాతవి.

అక్క